నాలుగు వందల అడుగుల కాగితంలో పావు అంగుళం

పదకొండేళ్లకు ఒక పరీక్ష తప్పిన పిల్ల ఏమవుతుంది? 1950ల నాటి ఉత్తర ఐర్లండ్‌లో దానికి జవాబు ముందే సిద్ధంగా ఉండేది. ‘ఎలెవెన్ ప్లస్’ అనే పరీక్ష పాసైతే గ్రామర్ స్కూలు, ఆపైన అదృష్టం బాగుంటే యూనివర్సిటీ. తప్పితే ఏదో ఒక పని నేర్చుకుని బతకాలి. లర్గన్ అనే చిన్న పట్టణంలో ఆర్కిటెక్టు ఫిలిప్ బెల్ కూతురు జోసెలిన్ ఆ పరీక్ష తప్పింది. ఆ అమ్మాయే ఇరవై నాలుగేళ్లకు, పీహెచ్‌డీ ఇంకా పూర్తి కాకముందే, అంతవరకు లెక్కల్లో తప్ప ఎవరికీ కనిపించని ఒక నక్షత్ర జాతిని వెలుగులోకి తెచ్చింది.

ఈ రెండింటి మధ్య పదమూడేళ్ల దూరం ఉంది. ఆ దారిలో ఆమెను వెనక్కి పంపేసే గేట్లు చాలానే ఎదురయ్యాయి. ఒక్కొక్క గేటు దగ్గర ఎవరు అడ్డం నిలబడ్డారో, ఎవరు తలుపు తీశారో చూస్తూ వెళితేనే ఈ కథ అర్థమవుతుంది.

మొదటి గేటు స్కూల్లోనే ఉంది. లర్గన్ కాలేజీ అనే బడిలో ఆమెకు పన్నెండేళ్లప్పుడు ఒకరోజు టీచర్లు ఆడపిల్లలను ఒక గదికి, మగపిల్లలను ఇంకో గదికి పంపారు. ఆటల కోసమేమో అనుకుంది జోసెలిన్. తీరా చూస్తే మగపిల్లలది సైన్సు ల్యాబు, ఆడపిల్లలది వంటగది. సాయంత్రం ఇంటికెళ్లి చెప్పింది. అమ్మానాన్నలు ఊరుకోలేదు, బడివాళ్లను గట్టిగా నిలదీశారు. ఆ తర్వాతి సైన్సు క్లాసులో ముగ్గురు ఆడపిల్లలు కూర్చున్నారు. పరీక్షలు పెడితే జోసెలిన్‌కే ఫస్టు వచ్చింది. ఆ రోజు ఇంట్లో పెద్దవాళ్లు ‘బడివాళ్లకు తెలియదా ఏంటి’ అని సర్దుకుపోయి ఉంటే ఆమె చేతికి భౌతికశాస్త్రం అందేదే కాదు. తల్లిదండ్రులు బడికి వెళ్లి మాట్లాడటం ఎంత పెద్ద పనో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

బెల్ కుటుంబం క్వేకర్ మతశాఖకు చెందింది. ఆడపిల్లల చదువుకు విలువ ఇచ్చే సంప్రదాయం వాళ్లది. పదమూడేళ్ల వయసులో ఆమెను ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో ‘ది మౌంట్’ అనే క్వేకర్ బోర్డింగ్ స్కూలుకు పంపారు. అక్కడ టిలట్ అనే వయసు మళ్లిన ఫిజిక్స్ మాస్టారు దొరికారు. ఫిజిక్స్‌లో బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు, మూలసూత్రాలు నాలుగు పట్టుబడితే మిగతాదంతా వాటి మీద నువ్వే కట్టుకోవచ్చు అన్నది ఆయన బోధన సారం. ఇంటర్ ఫిజిక్స్‌ను ప్రశ్న–జవాబుల గైడు పుస్తకంగా మింగి పరీక్ష హాల్లో కక్కే మన పిల్లలకు అలాంటి మాస్టారు ఒక్కరు తగిలినా ఎంత తేడా వస్తుందో! జోసెలిన్ మాత్రం ఆయన పేరు జీవితమంతా చెప్పుకుంటూనే ఉంది.

ఖగోళం మీద మోజు ఇంట్లోనే పుట్టింది. ఆర్మా పట్టణంలోని ప్లానెటేరియం నిర్మాణానికి తండ్రి ఆర్కిటెక్టుగా పనిచేశాడు. పక్కనే పాత అబ్జర్వేటరీ. అక్కడివాళ్లు ఈ పిల్ల ఆసక్తి చూసి ప్రోత్సహించారు. తండ్రి లైబ్రరీ నుంచి తెచ్చిన ఖగోళ పుస్తకాలను ఆమె తన గదిలోకి పట్టుకుపోయి చదివేది. ఒక్కటే చిక్కు. ఖగోళశాస్త్రజ్ఞులు రాత్రంతా మేలుకోవాలి, తనకేమో నిద్ర అంటే ప్రాణం. కొన్నాళ్లకు తెలిసిన సంగతి, రేడియో తరంగాలతో ఆకాశాన్ని చూసే శాస్త్రం ఒకటుందని, దానికి పగలూ రాత్రీ తేడా లేదని. దారి తేలిపోయింది.

గ్లాస్గో యూనివర్సిటీ ఫిజిక్స్ ఆనర్స్ క్లాసులో యాభై మంది విద్యార్థులు. అమ్మాయి ఆమె ఒక్కతే. లెక్చర్ హాల్లో అడుగుపెట్టగానే మగపిల్లలు ఈలలు వేసేవాళ్లు, కాళ్లతో నేలను దబదబా బాదేవాళ్లు, బల్లలు చరిచేవాళ్లు. సిగ్గుతో మొహం ఎర్రబడిందా, గోల రెట్టింపు. మొహం ఎర్రబడకుండా ఉండటం ఆమె పట్టుబట్టి నేర్చుకుంది. క్వాంటం సిద్ధాంతంతో పాటు ఇది కూడా ఒక సిలబస్ అయింది, ఆ ఒక్క విద్యార్థినికి మాత్రమే. 1965లో డిగ్రీ చేతికి వచ్చింది. రేడియో ఖగోళశాస్త్రంలో పేరున్న జోడ్రెల్ బ్యాంక్‌కు దరఖాస్తు పెడితే జవాబే రాలేదు. ఆశ లేకుండానే కేంబ్రిడ్జ్‌కు ఇంకో దరఖాస్తు పెట్టింది. అక్కడ సీటు వచ్చింది.

సీటు వచ్చాక భయం పట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఇంగ్లండ్ దక్షిణ ప్రాంతపు కలిగినవాళ్ల పిల్లలు, నోరు తెరిస్తే తొణకని ఆత్మవిశ్వాసం. తనను పొరపాటున తీసుకున్నారని, ఇవాళో రేపో ఆ తప్పు గ్రహించి ఇంటికి పంపేస్తారని ఆమె నిజంగా నమ్మింది. సరే, పంపేదాకా ఒళ్లు వంచి పనిచేద్దాం, అప్పుడు కనీసం ‘నేను సరిగ్గా చెయ్యలేదు’ అన్న బాధ ఉండదు అని నిర్ణయించుకుంది. తర్వాత జరిగిన ప్రతిదానికీ ఈ నిర్ణయమే ఆధారం. అందుకే దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

పొలంలో టెలిస్కోపు

గైడు ఆంటొనీ హ్యూయిష్. ఆయన వేట క్వాసార్ల కోసం. చాలా దూరాన ఉండి బలమైన రేడియో తరంగాలు పంపే ఆ వస్తువులు అప్పటికి కొత్త వింత. ఆకాశంలో చుక్కలు మినుకుమంటాయి, గ్రహాలు మినుకుమనవు. చుక్క మనకు బిందువంతే కనిపిస్తుంది కాబట్టి గాలి కదలికకే దాని వెలుగు చలిస్తుంది. రేడియోలోనూ అంతే. సూర్యుడి నుంచి వచ్చే సౌరపవనం గుండా ప్రయాణించేటప్పుడు చిన్న మూలాల నుంచి వచ్చే సంకేతం తళుక్కుమంటూ మారుతుంది, పెద్ద మూలాలది నిలకడగా ఉంటుంది. తళుకును బట్టి క్వాసార్లను ఏరవచ్చు. దానికి రెండు కావాలి. చాలా విశాలమైన ఏంటెన్నా ఒకటి, సెకనులో పదో వంతులో వచ్చే మార్పును కూడా తుడిచెయ్యకుండా నమోదు చేసే రిసీవరు ఇంకోటి. అప్పటి రేడియో టెలిస్కోపులు చాలావరకు సంకేతాన్ని కొన్ని సెకన్ల పాటు సగటు కట్టేవి. రాబోయే అద్భుతం వాటి చేతిలో పడ్డా కనిపించేది కాదు.

టెలిస్కోపు అంటే అద్దాలూ గోపురాలూ అనుకుంటాం. కేంబ్రిడ్జ్ శివారులోని పొలంలో కట్టింది చూస్తే కూరగాయల పందిరి కాబోలు అనిపిస్తుంది. నాలుగున్నర ఎకరాల జాగాలో వెయ్యికి పైగా కొయ్య గుంజలు, వాటి మీద రెండు వేలకు పైగా డైపోల్ ఏంటెన్నాలు, మొత్తం 120 మైళ్ల తీగ, కేబుల్. యాభై ఏడు టెన్నిస్ కోర్టులు పట్టే చోటు. గడ్డి పెరగకుండా గొర్రెలను వదిలారు. చేరిన రోజుల్లోనే విద్యార్థులకు ఒక్కొక్కరికి పనిముట్ల సెట్టు ఇచ్చేవాళ్లు: పట్టకారు, వైర్ కట్టర్, స్క్రూడ్రైవర్. కాలేజీ సెలవుల్లో వచ్చే కుర్రాళ్లు, అరడజను మంది దాకా పరిశోధక విద్యార్థులు కలిసి రెండేళ్లు కట్టారు. కేబుళ్లు, కనెక్టర్ల బాధ్యత జోసెలిన్‌ది. పని పూర్తయ్యేసరికి ఇరవై పౌండ్ల సమ్మెటను అవలీలగా తిప్పేది. 1967 జులైలో స్విచ్ వేశారు. మొదటిసారికే పనిచేసింది.

అక్కడి నుంచి మిగతావాళ్లు వెళ్లిపోయారు. టెలిస్కోపును నడపడం, వచ్చిన రికార్డును చదవడం, రెండూ ఆమె పనే.

రికార్డు అంటే కాగితం. పెన్ను గీత గీస్తూ పోతుంటే కాగితపు చుట్ట విప్పుకుంటూ వచ్చేది, రోజుకు 96 అడుగులు. ఆకాశమంతా ఒక చుట్టు పూర్తి కావడానికి నాలుగు రోజులు, అంటే దాదాపు 400 అడుగుల కాగితం. కంప్యూటరుకు అప్పగిస్తే ఏం వెతకాలో దానికి చెప్పాలి. మనకే ఇంకా తెలియనిదాన్ని దానికెలా చెబుతాం? అందుకే కళ్లతోనే చదవాలని గురుశిష్యులు అనుకున్నారు. గీతలో ఏది క్వాసార్ తళుకు, ఏది దగ్గర్లో పోయే బండి ఇంజను రొద, ఏది విమానం తాలూకు సంకేతం, ఇవన్నీ కొన్ని వారాల్లో ఆమె కంటికి అలవాటైపోయాయి. పని ముగిసేసరికి ఆమె చూసిన కాగితం మూడు మైళ్లు దాటింది.

ఒకచోట ఆగింది. పావు అంగుళం మేర గీత గజిబిజిగా ఉంది. క్వాసార్‌లా లేదు. రేడియో రొదలానూ లేదు. అంత పొడవు కాగితంలో అంత చిన్న మచ్చను ఎవరైనా ప్రశ్నార్థకం పెట్టి దాటేస్తారు. ఆమె కూడా పెట్టింది ప్రశ్నార్థకమే, కానీ మనసులోంచి తీసెయ్యలేదు. ఇంకోసారి కనబడ్డప్పుడు ‘దీన్ని నేను ముందు ఎక్కడో చూశాను, ఆకాశంలో ఇదే చోట చూశాను’ అని జ్ఞాపకం వచ్చింది. పాత చుట్టలన్నీ విప్పి వెతికింది. ఆగస్టు 6 నాటి కాగితంలో కూడా ఉంది. ఇంకా ముఖ్యమైనది, ఆ మచ్చ ప్రతి రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వస్తోంది. మనుషుల గడియారానికి రోజు 24 గంటలు. నక్షత్రాల రోజు 23 గంటల 56 నిమిషాలు. అంటే ఆ సంకేతం నక్షత్రాలతో పాటే నడుస్తోంది.

అక్కడ ఏముందో తెలియాలంటే కాగితాన్ని వేగంగా తిప్పి, కుదించుకుపోయిన గీతను సాగదీసి చూడాలి. నవంబరు పొడవునా, సరిగ్గా ఆ చోటు నెత్తిమీదికి వచ్చే వేళకు, ఆమె రోజూ అబ్జర్వేటరీకి వెళ్లి వేగం పెంచేది. రోజూ నిరాశే. సంకేతం మాయమైంది. ఒకరోజు ఉపన్యాసం వినడానికి ఊళ్లో ఉండిపోతే, సరిగ్గా ఆ రోజే మామూలు రికార్డులో అది ప్రత్యక్షమైంది.

నవంబరు 28న దొరికింది. పెన్ను కాగితం మీద లయగా ఎగరడం మొదలుపెట్టింది. చుట్ట బయటికి లాగి కొలిచి చూస్తే ఎగురుకూ ఎగురుకూ మధ్య ఎడం ఒక్కటే, సెకనూ మూడో వంతు. ఆ సమయంలో హ్యూయిష్ పట్నంలో డిగ్రీ పిల్లలకు ప్రాక్టికల్స్ చేయిస్తున్నారు. ఫోన్ చేసి చెబితే, అయితే ఇది మనుషులు చేసిందే అయ్యుంటుంది, సందేహం లేదన్నారు. ఆయన్ను తప్పు పట్టలేం. నక్షత్రం అంత కచ్చితంగా, అంత వేగంగా కొట్టుకోవడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. అయినా మర్నాడు ఆయనే స్వయంగా వచ్చి పక్కన నిలబడి చూశారు. మళ్లీ అదే లయ.

వైరింగులో లోపమా? ఇంకో టెలిస్కోపుతో చూస్తే అక్కడా అందింది. చంద్రుడి మీద నుంచి తిరిగొచ్చే రాడార్ సంకేతమా? కాదు. జాన్ పిల్కింగ్టన్ అనే సహచరుడు దూరం లెక్క కట్టాడు. సౌరకుటుంబానికి చాలా బయట, మన పాలపుంతలోనే. ఇక మిగిలింది అన్యలోకపు జీవులు. సరదాకు ‘లిటిల్ గ్రీన్ మెన్’ అని పేరు పెట్టుకున్నా, దాన్ని కూడా శాస్త్రబద్ధంగానే పరీక్షించారు. ఆ జీవులు ఒక గ్రహం మీద ఉంటే, ఆ గ్రహం తన సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే, లయలో ఆ తిరుగుడు తెలియాలి. తెలిసింది మాత్రం భూమి తిరుగుడే.

క్రిస్మస్‌కు ముందు ఒక సాయంత్రం హ్యూయిష్ గదిలోకి వెళ్లేసరికి ఈ ఫలితాన్ని లోకానికి ఎలా చెప్పాలన్న దాని మీద పెద్దల సమావేశం నడుస్తోంది. ఆమె చిరాగ్గా ఇంటికి వెళ్లింది. పీహెచ్‌డీ గడువు దగ్గరపడుతోంది, క్వాసార్ల పని మిగిలే ఉంది. మరి ఈ గ్రహాంతరవాసులెవరో పోయి పోయి తన ఏంటెన్నానే ఎంచుకోవాలా! భోజనం చేసి మళ్లీ ల్యాబుకు వచ్చి బకాయిపడ్డ కాగితాలు ముందేసుకుంది. ఆకాశంలో పూర్తిగా ఇంకో మూల, అదే రకం గజిబిజి కనబడింది. ఆ చోటు టెలిస్కోపు ముందుకు వచ్చేది తెల్లవారుజామున. డిసెంబరు చలి. అబ్జర్వేటరీకి వెళితే పరికరాలు చలికి సరిగా పనిచెయ్యడం లేదు. స్విచ్‌లు కదిపింది, నోటితో ఆవిరి ఊదింది, తిట్టింది. అయిదు నిమిషాలు పనిచేసింది. కావాల్సిన అయిదు నిమిషాలు అవే. ఈసారి లయ 1.2 సెకన్లు. రెండు వేర్వేరు మూలల్లో ఉన్న రెండు లోకాల జీవులు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకేసారి భూమిని పిలవరు. ఇది ప్రకృతే. కాగితాన్ని హ్యూయిష్ బల్ల మీద పెట్టి ఆమె సెలవులకు ఊరెళ్లిపోయింది.

ఆ సెలవుల్లోనే పెళ్లి నిశ్చయమైంది. జనవరిలో ఉంగరంతో తిరిగొచ్చి, మరో రెండింటిని పట్టుకుంది.

విలేకరులు అడిగిన ప్రశ్నలు

1968 ఫిబ్రవరి 24న ‘నేచర్’ పత్రికలో వ్యాసం వచ్చింది. అయిదుగురు రచయితల్లో హ్యూయిష్ పేరు మొదట, బెల్ పేరు రెండోది. విలేకరులు వరస కట్టారు. ఆవిష్కరణలోని శాస్త్రం గురించి హ్యూయిష్‌ను అడిగేవాళ్లు. ఆమెను మాత్రం నడుము కొలత ఎంత, ఎత్తు ఎంత, ఒకేసారి ఎంతమంది బాయ్‌ఫ్రెండ్స్ ఉన్నారు అని అడిగేవాళ్లు. ఫొటోగ్రాఫర్లు చొక్కా గుండీలు ఇంకొన్ని విప్పమన్నారు. ఎదురు చెప్పాలనిపించింది. థీసిస్ చేతికి రాలేదు, సిఫారసు ఉత్తరాలు కావాలి, ఉద్యోగం దొరకాలి. నోరు మూసుకుని భరించింది. ఈ ఒక్క సంగతి చదివినప్పుడు కలిగే కోపం యాభై ఏళ్లు దాటినా చల్లారదు.

‘పల్సార్’ అన్న పేరు పెట్టింది ఒక దినపత్రిక సైన్సు విలేకరి. అవి ఏమిటన్నది ఆ ఏడాదిలోనే తేలింది. భారీ నక్షత్రం పేలిపోయాక మిగిలే న్యూట్రాన్ నక్షత్రాలు. సూర్యుడి కంటే ఎక్కువ ద్రవ్యరాశి, అడ్డకొలత మాత్రం ఇరవై కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నగరంలో ఇమిడిపోయేంత. తిరుగుతున్న లైట్‌హౌసులా దాని రేడియో కిరణం మన వైపు వచ్చినప్పుడల్లా ఒక ఎగురు. పీత నిహారికలో దొరికిన పల్సార్ సెకనుకు ముప్ఫై సార్లు తిరుగుతోందని తెలిశాక మిగతా సందేహాలు తీరిపోయాయి.

ఆ పావు అంగుళం నుంచి దారి మన దగ్గరికి కూడా వచ్చింది. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ టెలిస్కోపుతో పల్సార్ల లయను ఏళ్ల తరబడి కొలిచే ‘ఇండియన్ పల్సార్ టైమింగ్ అరే’ బృందంలో సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు ఉన్నారు. పల్సార్లు అంత నమ్మకమైన గడియారాలు కాబట్టి, వాటి లయలో అతి సూక్ష్మమైన తేడా వచ్చినా అంతరిక్షం గుండా గురుత్వ తరంగం పోతోందేమో అని వెతకొచ్చు. 2023 జూన్‌లో యూరప్ బృందంతో కలిసి ఇలాంటి అతి నెమ్మది తరంగాల జాడ దొరికిందని వీళ్లు ప్రకటించారు.

జోసెలిన్ తన థీసిస్ మాత్రం క్వాసార్ల మీదే రాసింది. లోకమంతా మాట్లాడుకుంటున్న పల్సార్లు అందులో చివర ఒక అనుబంధంగా చేరాయి.

ఊరు మారినప్పుడల్లా

డాక్టరేట్ చేతికొచ్చాక కెరీర్ ఊపందుకోవాలి. ఆమె విషయంలో అలా జరగలేదు. భర్త మార్టిన్ బర్నెల్ స్థానిక ప్రభుత్వంలో ఉద్యోగి, కొన్నేళ్లకోసారి ఊరు మారేవాడు. మారిన ప్రతిసారీ ఆమె కొత్త ఊళ్లో ఉద్యోగం కోసం ఉత్తరాలు రాసుకునేది. సౌతాంప్టన్‌లో గామా కిరణాలు, లండన్‌కు కొంత దూరంలోని అంతరిక్ష ప్రయోగశాలలో ఎక్స్‌రేలు, ఎడిన్‌బరోలో ఇన్‌ఫ్రారెడ్. 1973లో కొడుకు పుట్టాక చాలా ఏళ్లు పార్ట్‌టైమ్ పనే. పెళ్లయిన ఆడవాళ్లు, అందులోనూ తల్లులు, ఉద్యోగం చెయ్యడం ఏమిటని ముక్కున వేలేసుకునే కాలం అది. చెయ్యి తిరిగిన రేడియో ఖగోళశాస్త్రజ్ఞురాలు ప్రతి ఊళ్లోనూ కొత్త శాఖను మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. దానివల్ల విద్యుదయస్కాంత తరంగాల్లో ఆమె తాకని పట్టీ దాదాపు లేకుండా పోయింది. ఆమె పోగొట్టుకున్నది ఎంతో మాత్రం ఏ బయోడేటాలోనూ కనబడదు.

1974లో ఖగోళ పరిశోధనకు మొట్టమొదటి భౌతికశాస్త్ర నోబెల్ ప్రకటించారు. కేంబ్రిడ్జ్ రేడియో ఖగోళ బృందపు అధిపతి మార్టిన్ రైల్‌కు, ఆంటొనీ హ్యూయిష్‌కు. పల్సార్ల ఆవిష్కరణలో నిర్ణాయక పాత్ర పోషించినందుకు అని హ్యూయిష్ గురించి రాశారు. ఖగోళశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హోయిల్ బహిరంగంగా నిరసన తెలిపాడు. ఆమె మాత్రం గొడవ పెట్టుకోలేదు. విద్యార్థుల పని ఫలించినా, ఫలించకపోయినా బాధ్యత గైడుదేనని, చాలా అరుదైన సందర్భాల్లో తప్ప విద్యార్థులకు నోబెల్ ఇవ్వకూడదని వాదించింది. అది ఆమె పెద్దమనసు. కమిటీ నిర్ణయం న్యాయమైనదని దానివల్ల రుజువు కాదు. అరుదైన సందర్భం అంటే ఇంకెలా ఉంటుంది? ఏంటెన్నా కట్టింది, నడిపింది, మచ్చను పట్టింది, వదలకుండా వెంటపడింది, రెండోదాన్ని పట్టి ప్రకృతేనని తేల్చింది ఒకే మనిషి.

ఆమె మీద లోకం చూపు మెల్లగా మారింది. దూరవిద్యకు పేరుపడిన ఓపెన్ యూనివర్సిటీలో ఎన్నో ఏళ్లు ట్యూటర్‌గా పనిచేసిన ఆమె 1991లో అక్కడే ఫిజిక్స్ ప్రొఫెసరైంది. ఆ ఒక్క నియామకంతో బ్రిటన్‌లో మహిళా ఫిజిక్స్ ప్రొఫెసర్ల సంఖ్య ఒకటి నుంచి రెండుకు పెరిగింది. తర్వాత రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి అధ్యక్షురాలు, 2007లో ‘డేమ్’ బిరుదు, 2014లో ఎడిన్‌బరో రాయల్ సొసైటీకి మొదటి మహిళా అధ్యక్షురాలు, 2021లో కోప్లీ పతకం. కవిత్వమంటే కూడా ఇష్టం. అంతరిక్షం మీద వచ్చిన కవితల సంకలనానికి సహసంపాదకురాలిగా ఉంది.

2018లో ప్రత్యేక బ్రేక్‌త్రూ బహుమతి కింద 30 లక్షల డాలర్లు వచ్చాయి. ఆమె అందులో ఒక్క డాలరు కూడా ఉంచుకోలేదు. మొత్తాన్ని బ్రిటన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్‌కు అప్పగించి, భౌతికశాస్త్రంలో తక్కువగా కనిపించే వర్గాల వాళ్లకు, అంటే మహిళలకు, మైనారిటీ జాతుల వాళ్లకు, శరణార్థులకు పీహెచ్‌డీ చేయడానికి ఉపకారవేతనాలు ఇమ్మంది. కారణం కూడా తేటగా చెప్పింది. కేంబ్రిడ్జ్‌లో తాను ఆడపిల్ల, బయటి ప్రాంతం నుంచి వచ్చిన మనిషి. ఇక్కడ తనకు చోటు లేదేమో అన్న భయంతోనే అంత జాగ్రత్తగా పనిచేసింది, అందుకే ఆ మచ్చను దాటెయ్యలేకపోయింది. అలాంటి చోటు నుంచి వచ్చేవాళ్ల కళ్లకు మిగతావాళ్లకు కనబడనివి కనబడతాయని ఆమె నమ్మకం. ఆమె పేరుతో ఏర్పడిన ఆ నిధి నుంచి ఉపకారవేతనం అందుకున్న మొదటి విడత విద్యార్థులు 2020లో పరిశోధన మొదలుపెట్టారు.